మెంఫిస్ హత్యలూ, ఒక పత్రికా సంపాదకురాలూ

మా కాలేజీ విద్యార్థులు అపరాధ పరిశోధన నవలలు చదువుతారు. వద్దని నేనెన్నడూ అనలేదు. ఆ వయస్సులో నేనూ మా నాన్నగారి పెట్టెలో దాగివున్న డిటెక్టివ్ యుగంధర్ కథలను దొంగచాటుగా చదివినవాణ్ణే. కాని ఆ నవలలన్నిటిలోనూ ప్రశ్న ఒక్కటే: ఎవరు చంపారు? హంతకుడు దొరకగానే పుస్తకం ముగుస్తుంది, లోకం మళ్ళీ సజావుగా నడుస్తుంది. చరిత్రలో మరొక రకం నేరాలున్నవి. ఎవరు చంపారో ఊరందరికీ తెలుసు. ఎందుకు చంపారన్నదే రహస్యం. ఆ రహస్యాన్ని కాపాడటానికి పత్రికలూ, పోలీసులూ, న్యాయస్థానాలూ చేతులు కలుపుతవి. 1892 లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో జరిగిన మూడు హత్యలు అటువంటివి. వాటి గుట్టు విప్పిన మనిషి ఐడా వెల్స్.

ఆమె 1862 లో మిసిసిపీ రాష్ట్రంలో బానిస దంపతులకు పుట్టింది. పదహారవ యేట, 1878 నాటి విషజ్వరాలలో తలిదండ్రులిద్దరూ పోయారు. చెల్లెళ్ళనూ తమ్ముళ్ళనూ సాకటం కోసం బడిపంతులమ్మ అయింది. తరువాత మెంఫిస్ చేరి, అక్కడి 'ఫ్రీ స్పీచ్' పత్రికలో భాగస్వామి, సంపాదకురాలు అయింది. నల్లపిల్లల బడులు ఎంత అధ్వాన్నంగా వున్నవో ఆ పత్రికలో రాసినందుకు 1891 లో ఆమె ఉద్యోగం ఊడింది. ఉపాధ్యాయ పాఠకులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక హత్యల సంగతి. నగరం అంచున ట్రాము పట్టాలు మలుపు తిరిగే చోట ఒక తెల్లవాడి పచారీ కొట్టు వుండేది. చుట్టుపక్కల నల్లవారందరూ అక్కడే కొనాలి. 1889 లో నల్లవారు కొందరు చందాలు వేసుకొని సహకార పద్ధతిలో 'పీపుల్స్ గ్రోసరీ' అనే కొట్టు పెట్టారు. దానికి అధ్యక్షుడు థామస్ మాస్, పగలు వుత్తరాలు పంచే పోస్ట్‌మన్. అతని చిన్న కూతురికి ఐడా వెల్స్ జ్ఞానమాత. బేరాలు కొత్త కొట్టుకు మళ్ళినవి. 1892 మార్చి మొదట్లో గోలీలాట దగ్గర పిల్లలు తగవుపడితే, ఆ తగవు పెద్దల కొట్లాట అయింది. 5వ తేదీ రాత్రి మామూలు దుస్తులలో, ఆయుధాలతో షెరిఫ్ మనుషులు కొట్టు మీదికి వచ్చారు. గుంపు దాడి చేస్తుందని ముందే విని కాపలా వున్నవారు కాల్పులు జరిపారు. ముగ్గురు తెల్లవారు గాయపడ్డారు. ఆ కొట్టు తాగుబోతుల, జూదరుల అడ్డా అని మర్నాడు తెల్లవారి పత్రికలు రాసినవి. డజన్ల కొద్దీ నల్లవారిని జైలులో వేశారు. 9వ తేదీ తెల్లవారకముందే ముసుగులు వేసుకున్న గుంపు జైలులోకి పోయి మాస్‌నూ, కొట్టులో పనిచేసే మెక్‌డోవెల్, స్టూవర్ట్‌లనూ బయటికి లాక్కొనిపోయి, ఊరి వెలుపల రైలు పట్టాల దగ్గర కాల్చి చంపింది.

చంపినవారెవరో తెలియదని శవవిచారణ జరిపిన జ్యూరీ తేల్చింది. విచిత్రమేమంటే, ఎవరు ఎలా పెనుగులాడారో, మాస్ చివరి మాటలేమిటో పత్రికలు పూసగుచ్చినట్లు అచ్చువేసినవి. తన వాళ్ళను పడమటి దేశానికి పొమ్మనీ, ఇక్కడ న్యాయం లేదనీ అతను అన్నాడట. పక్కన నిలబడి విన్నవాడెవడో చెప్పకపోతే ఆ మాటలు పత్రికకెలా చేరినవి? ఒక్కడికీ శిక్ష పడలేదు. గుంపు కొట్టును దోచింది; మిగిలిన సరుకును అప్పులవాళ్ళు వేలం వేయించారు. తెల్లకొట్టుకు పోటీ తొలగింది.

ఐడా వెల్స్‌లో నాకు అన్నిటికంటె గొప్పగా తోచేది ఆమె తరువాత ఒప్పుకొన్న ఒక విషయం. అంతవరకూ ఆమె కూడా ఈ మూకహత్యలను గురించి పత్రికలు చెప్పిన కారణాన్ని నమ్మింది. తెల్లస్త్రీల మీద అత్యాచారాలు జరగటం వల్ల జనం ఆగ్రహించి చట్టం మీరుతున్నారని అనుకొన్నది. మాస్ ఎవరి మీదా చెయ్యి వెయ్యలేదు. బియ్యమూ పప్పులూ అమ్మినట్లు అతను చక్కెరా పిండీ అమ్మాడు, అంతే. అయినా అతనికీ అదే చావు. అప్పుడామె వెనకటి హత్యలను ఒక్కొక్కటే తిరగదోడటం మొదలుపెట్టింది. మిసిసిపీలో ఒక షెరిఫ్ ఏడేళ్ళ కూతురిని చెరిచాడని ఒకణ్ణి చంపినట్లు వార్త వస్తే స్వయంగా అక్కడికి పోయింది. ఆ "ఏడేళ్ళ పిల్ల" పదిహేడు దాటిన యువతి. తన ఇష్టంతోనే అతని గుడిసెకు వెళ్ళి తండ్రి కంటబడింది.

మే 21న ఆమె ఈ అబద్ధాన్ని ఎండగడుతూ సంపాదకీయం రాసింది. రాసినది మగవాడనుకొని ఒక తెల్లపత్రిక ఘోరమైన శిక్షలు సూచించింది. 27న గుంపు 'ఫ్రీ స్పీచ్' కార్యాలయాన్ని ధ్వంసం చేసింది. ఆమె ఊరిలో లేదు గనుక బతికింది. న్యూయార్క్ చేరి, ఆ యేడే 'సదరన్ హారర్స్' అనే కరపత్రం ప్రకటించింది. తన లెక్కల కోసం ఆమె తెల్లవారి పత్రిక 'షికాగో ట్రిబ్యూన్'నే సాక్ష్యానికి పిలిచింది. మూకల చేతిలో చచ్చిన 728 మందిలో అత్యాచారం చేశారన్న ఆరోపణయినా వున్నవారు మూడోవంతు మాత్రమే. నిందితుల సంగతే ఇది, నేరస్థుల సంగతి కాదు.

ఒక పచారీ కొట్టు పోటీలో వర్గపోరాటమేమున్నదని మా మిత్రుడొకరు వాదిస్తారు. ఆమె దేవుణ్ణీ, రాజ్యాంగాన్నీ నమ్మిన మనిషేనన్నది నిజమే. కాని మాస్ హత్య తరువాత మెంఫిస్ నల్లవారు ఆమె మాట మీద వేలకొద్దీ ఊరు విడిచిపోయారు, మిగిలినవారు ట్రాములెక్కటం మానేశారు. ఆరు వారాలకు ట్రాము కంపెనీ పెద్దలు ఆ చిన్న పత్రికాఫీసు మెట్లెక్కి బతిమాలుకొన్నారు. ఎవరి బలం ఎక్కడున్నదో ఆమెకు తెలియదని నేననుకోను.

1919 లో ఆర్కన్సా రాష్ట్రంలోని ఎలేన్ ప్రాంతంలో పాలుకు పత్తి పండించే నల్లరైతులు తమ పంటకు సరైన లెక్క చూపాలని సంఘం పెట్టుకొన్నారు. సెప్టెంబరు 30 రాత్రి వారి సమావేశం దగ్గర కాల్పులు జరిగినవి, తరువాత మారణకాండ. నల్లవారు తెల్లవారిని చంపటానికి కుట్ర చేశారని మళ్ళీ అదే పత్రికల పాట. 12 మందికి మరణశిక్ష పడింది. 1920 జనవరిలో, దాదాపు ముప్ఫై యేళ్ళకు, ఐడా వెల్స్ మళ్ళీ దక్షిణాదిన అడుగుపెట్టింది. ఖైదీల భార్యలతో, తల్లులతో కలిసి, వారి చుట్టాన్నని చెప్పి లిటిల్ రాక్ జైలులోకి పోయింది. ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎంత పత్తి, ఎంత మొక్కజొన్న, ఎవరి పంట ఎవరి పాలయింది, అన్నీ అడిగి రాసుకొన్నది. ఖైదీలు చావును గురించీ పరలోకాన్ని గురించీ పాటలు పాడుతుంటే ఆమె కోప్పడింది: చావటం సంగతి మాని బతకటం కోసం ప్రార్థించమన్నది. 1923 లో సుప్రీం కోర్టు ఆ విచారణలను తప్పుపట్టింది. 1925 జనవరి నాటికి పన్నెండుగురూ బయటపడ్డారు. వారిలో ఒక యువకుడు ఆమె ఇంటిని వెతుక్కొంటూ షికాగో పోయి, ఒక ఆదివారం రాత్రి తలుపు తట్టి, మీరు వచ్చి మమ్మల్ని గురించి రాసిన ఆ పన్నెండుగురిలో నేనొకణ్ణి అని చెప్పుకొన్నాడు.