ఒకే కంప్యూటర్లో విండోస్, లినక్స్: డ్యూయల్ బూట్ మాటలకు వ్యాఖ్యానం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు చాలామంది లినక్స్ వైపు చూస్తున్నారు. విండోస్‌ను తీసేయకుండానే దాని పక్కన లినక్స్ వేసుకోవచ్చు. అయితే ఈ రెండింటిలో ఏది నడుస్తున్నా యంత్రమంతా తనదేనన్నట్టు నడుస్తుంది. అందుకే చిక్కులన్నీ రెండూ ఉమ్మడిగా వాడుకునే చోట్ల పుడతాయి. కింది మాటలను ఈ దృష్టితో చదవాలి.

డ్యూయల్ బూట్: డిస్కులో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లుంటాయి, నడిచేది మాత్రం ఒక్కటే. రెండోదానికి మారాలంటే రీస్టార్ట్ చేయాల్సిందే.

పార్టిషన్: డిస్కులో ఒక్కో సిస్టమ్‌కు కేటాయించిన భాగం. పాత ఎంబీఆర్ పద్ధతిలో ప్రధాన పార్టిషన్లు నాలుగే. ఇప్పటి జీపీటీలో విండోస్ 128 దాకా ఒప్పుకుంటుంది. లినక్స్‌కు చోటు చేయడానికి విండోస్ పార్టిషన్‌ను తగ్గించే పని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తో చేయడమే క్షేమం. డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. బూట్ అమరిక మారిందని గమనించగానే విండోస్ ఆ కీ అడగవచ్చు, అది లేకపోతే ఫైళ్లు తెరుచుకోవు.

బూట్‌లోడర్: స్విచ్ వేయగానే ఏ సిస్టమ్‌ను లేపాలో చూసే చిన్న ప్రోగ్రాం. లినక్స్‌లో ఎక్కువగా కనిపించేది గ్రబ్. పాత కంప్యూటర్లలో విండోస్ ఇన్‌స్టాలర్ డిస్కు మొదటి సెక్టారులో తన కోడ్ రాసేసేది. ముందు విండోస్, తర్వాతే లినక్స్ అనే నియమం అలా వచ్చింది. యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి యంత్రాల్లో రెండింటికీ వేర్వేరు ఫోల్డర్లుంటాయి కాబట్టి ఆ తాకిడి తగ్గింది. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 భద్రత కోసం ఇతర సిస్టమ్‌లను తనంతట తాను వెతకడం మానేసింది. మెనూలో విండోస్ పేరు లేదంటే విండోస్ చెరిగిపోయిందని కాదు. కంగారుపడి మళ్లీ ఇన్‌స్టాల్ చేయవద్దు. ఆ వెతికే పని చేసే ఓఎస్-ప్రోబర్‌ను ఆన్ చేసి గ్రబ్‌ను అప్‌డేట్ చేస్తే ఆ పేరు తిరిగి వస్తుంది.

సెక్యూర్ బూట్: నమ్మదగిన సంతకం లేని బూట్‌లోడర్‌ను అడ్డుకునే కాపలా. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత కొన్ని డ్యూయల్ బూట్ యంత్రాల్లో లినక్స్ లేవలేదు. పాత బూట్‌లోడర్లను అడ్డుకునే ఆ మార్పు అటువంటి యంత్రాలకు వర్తించదని మైక్రోసాఫ్ట్ ముందు చెప్పింది కూడా. లినక్స్ బూట్‌లోడర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవడమే దీనికి మందు.

ఫాస్ట్ స్టార్టప్: ఫైళ్లు పోగొట్టే ప్రమాదం ఎక్కువగా ఇక్కడే ఉంది. విండోస్ 8తో 2012లో వచ్చిన సదుపాయం ఇది. దీనివల్ల షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన కెర్నల్ స్థితిని డిస్కులో దాచుకుని నిద్రపోతుంది. అప్పుడు లినక్స్‌లోంచి ఆ పార్టిషన్‌ను తెరిస్తే చదవడానికే వీలిస్తుంది, రాయనివ్వదు. అది లోపం కాదు, రక్షణ. బలవంతంగా రాస్తే, నిద్రలేచిన విండోస్ పాత జ్ఞాపకంతో పని మొదలుపెట్టి ఫైళ్లను పాడుచేయవచ్చు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో దీన్ని ఆపేయండి. ఆపేవరకు షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి మారండి, రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగా మూతపడుతుంది.

హార్డ్‌వేర్ గడియారం: మదర్‌బోర్డు మీది ఈ గడియారంలో స్థానిక సమయం ఉందనుకుంటుంది విండోస్, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందనుకుంటుంది లినక్స్. మన దేశంలో తేడా ఐదున్నర గంటలు. లినక్స్ నుంచి విండోస్‌కు వస్తే గడియారం అంత వెనక్కి పోయి కనిపిస్తుంది. బ్యాటరీ పోయిందని షాపుకు తీసుకెళ్లనక్కర్లేదు. లినక్స్‌ను స్థానిక సమయానికి మార్చడం తేలికే. అయితే అమెరికాలో ఉంటున్న మనవాళ్లు విండోస్‌ను యూటీసీకి మార్చుకోవడం మేలు. లేకపోతే డేలైట్ సేవింగ్ మారినప్పుడు రెండు సిస్టమ్‌లూ చెరో గంట జరుపుతాయి.

వర్చువల్ మెషీన్: ఒక సిస్టమ్ నడుస్తుండగానే దాని కిటికీలో రెండోదాన్ని నడిపే పద్ధతి. రీస్టార్ట్ అక్కర్లేదు గాని ర్యామ్ పంచుకోవాలి. 4 జీబీ ఉన్న పాత యంత్రానికి అది మోయలేని బరువు, దానికి డ్యూయల్ బూటే తగినది.

లైవ్ మోడ్: డిస్కును తాకకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను నడపడం. మొదలుపెట్టాల్సింది ఇక్కడే. వైఫై, సౌండ్, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. మీ ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాకే పార్టిషన్ల జోలికి వెళ్లండి.