కీటకములను తిను మొక్కలు

పశువు మొక్కను మేయును. మొక్క మట్టిని, నీటిని, ఎండను ఆధారము చేసికొని బ్రదుకును. ఈ వరుస తలక్రిందులు కాదని మానవుడు చిరకాలము నమ్మినాడు. ఆ నమ్మకమును చెదరగొట్టినది ఏ మహావృక్షమో కాదు. రూపాయి బిళ్ళంత వెడల్పున నేలకు కఱచుకొని పెరుగు ఎఱ్ఱని చిన్న మొక్క. శాస్త్రజ్ఞులు దానిని డ్రోసెరా అందురు. గ్రీకు భాషలో ఆ మాటకు మంచు పట్టినదని అర్థము. ఆకుల మీది సన్నని రోమముల కొనలయందు జిగురు బొట్లు ప్రొద్దెక్కినను ఆరక మెఱయుచుండును. నీటిబొట్టని వ్రాలిన దోమ గాని చీమ గాని మఱి లేవదు. చుట్టునున్న రోమములు దానివైపు వంగును. ఆకు జీర్ణరసమును స్రవించును. కొన్ని దినములకు రెక్కలును పైపొట్టును మాత్రమే మిగులును.

ఈ జాతి మొక్కలలో రెండు మన తెలుగు దేశమున, కోస్తాయందును తెలంగాణమునందును పెరుగునవి కలవు. ఒకటి బర్మన్ని, ఆకులు చక్రము వలె నేలమీద పఱచుకొని యుండును. రెండవది ఇండికా, సన్నని కాడ నిలువుగా లేచి, దారములవంటి పొడవాటి ఆకులను చాచును. వానకాలము చివర ఊట తగ్గని ఇసుక నేల, చెఱువు శిఖము, మడిగట్టు వీనికి తగిన తావులు. గోదావరికి ఉత్తరపు ఒడ్డున, ఇసుకరాతి నేలలమధ్య నున్న మంచిర్యాల ప్రాంతమున అట్టి తావులకు కొదువ లేదు. ఇక చెఱువు నీటిలో తేలు యుట్రిక్యులేరియా వేఱొక వేటగాడు. దాని తీగకు ఆవగింజలవంటి తిత్తులుండును. నీటిపురుగు తిత్తి ముంగిటి రోమమును తాకినదా, తలుపు తెఱచుకొని నీటితో సహా లోపలికి లాగివేయును. ఈ పని సెకనులో వేయవ భాగముకన్న తక్కువ కాలమున ముగియును!

ఇండికాకు 1753లో స్వీడన్ దేశపు లిన్నేయస్ పేరు పెట్టెను. ఆయన శిష్యుడు కోనిగ్ 1768లో తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, కోరమండల తీరమున మొక్కలు సేకరించుచు 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున కన్నుమూసెను. ఆ కాలముననే సామర్లకోటలో కంపెనీ వైద్యుడుగా నున్న రాక్స్‌బర్గ్ మన తీరపు మొక్కలకు బొమ్మలు వ్రాయించి గ్రంథస్థము చేసెను. బర్మన్నికి 1794లో పేరిడినవాడు కోపెన్‌హాగెన్ పండితుడు వాల్. సింహళపు మొక్కలపై 1737లో గ్రంథము ప్రకటించిన బర్మన్ పేరిట ఆ నామకరణము జరిగెను. మొక్కలకు పేళ్ళు వచ్చినవి గాని, అవి తినునను మాటను శాస్త్రలోకము అంగీకరింపలేదు. అమెరికాలోని ఈగబోను మొక్క కీటకములను పట్టి తినుచున్నదని 1769లో ఎల్లిస్ అను వర్తకుడు లిన్నేయస్‌కు వ్రాసినప్పుడు సైతము, అది కేవలము స్పర్శకు ముడుచుకొనుటయే కాని భోజనము కాదని ఆ మహాపండితుడు భావించెను. అత్తిపత్తి ముడుచుకొనదా? అది ఎవ్వరినీ తినుట లేదు గదా! ఆ వాదమును తేలికగా త్రోసిపుచ్చుటకు వీలులేదు.

అట్లు త్రోసిపుచ్చుటకు చార్లెస్ డార్విన్‌కు పదునైదేండ్లు పట్టినవి. 1860 వేసవిలో ఆయన ఇంగ్లండులోని ససెక్స్ బీడునేలలలో డ్రోసెరా ఆకులపై చచ్చిన ఈగల గుంపును చూచెను. జాతుల పుట్టుకను గూర్చిన గ్రంథము వెలువడి అప్పటికి ఏడాది కూడ నిండలేదు. లోకమంతయు దానిపై తగవులాడుచుండగా ఆయన ఈ మొక్కకు పచ్చిమాంసము, గ్రుడ్డు తెల్లసొన, పాలు, గాజుముక్కలు పెట్టి చూచుచు కూర్చుండెను. గాజుముక్క మీద ముడుచుకొన్న రోమములు త్వరలోనే విడిపోయెను; మాంసముపై ముడుచుకొన్నవి దినముల తరబడి విడువలేదు. మనుష్యుని తలవెండ్రుక తునుక, మిల్లీగ్రాములో వేయవ భాగము బరువైనను లేనిది, రోమమును వంచగలిగెను. వానచినుకులకు మాత్రము అది చలింపలేదు. ఏది ఆహారమో, ఏది కాదో ఆకు ఎఱుగును. 1874లో హుకర్ పండితుడు కూజామొక్క రసమునకును జీర్ణశక్తి కలదని ప్రకటించెను. మఱుసటి యేట జూలైలో డార్విన్ గ్రంథము వెలువడెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. జీర్ణము చేసికొన్నంతమాత్రమున మొక్కకు లాభము కలుగుచున్నదా? దీనికి సమాధానము చెప్పినవి పూవులే. డార్విన్ కుమారుడు ఫ్రాన్సిస్ డ్రోసెరా మొక్కలను పళ్ళెములలో పెంచి, మీద వల కప్పి, సగమునకు వేచిన మాంసపు నలుసులు పెట్టి, సగమును పస్తుంచెను. 1878లో ఫలితమును ప్రకటించెను. పస్తున్న మొక్కలు నూరు విత్తనములిచ్చినచోట తిన్నవి 241 ఇచ్చెను. విత్తనముల మొత్తపు బరువు దాదాపు నాలుగింతలయ్యెను. ఆకులలోకన్న పూవులలో, విత్తనములలోనే భేదము స్ఫుటముగా కనబడెను. ఎంత తిన్నదో కాదు, ఎంత సంతానమును విడిచినదో చూడవలెనని ఆ యువకుడు తండ్రికే పాఠము చెప్పినట్లయినది.

మన ప్రాంతపు మొక్కలను ఇంత శ్రద్ధతో చూచినవారు చాలకాలము లేరు. గ్యాంబుల్ ప్రారంభించిన ప్రఖ్యాత వృక్షగ్రంథము మద్రాసు రాజధానికి సంబంధించినది. నిజాం రాజ్యము దాని ఎల్లలకు వెలుపల నుండెను. 1911లో వెలువడిన పార్ట్రిడ్జ్ గ్రంథము అడవిశాఖ అవసరములకై వ్రాయబడినది. టేకు మ్రానులను లెక్కించు కంటికి అంగుళమెత్తు మొక్క ఆనునా? ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు సయీదుద్దీన్ 1935 మొదలు హైదరాబాదు రాజ్యపు సామాన్య పుష్పజాతులను గూర్చి వ్రాయసాగెను. మంచిర్యాలను తనలో నిడుకొన్న నాటి ఆదిలాబాదు జిల్లాకు ప్రత్యేక వృక్షగ్రంథము 1992లో గాని రాలేదు. పుల్లయ్య, ప్రసన్న, ఓబులేసులు దాని కర్తలు. ఈలోగా ఓపెన్‌కాస్టు గనులు నేలను త్రవ్వుకొనిపోయినవి. పొలములనుండి పారు ఎరువునీటిచే శిఖములలో గడ్డి బలిసి చిన్నమొక్కలను క్రమ్మివేయుచున్నది. పేదనేల మీదనే ఈ మొక్క బ్రదుకును. నేల బలిసిన అది నశించును.

కనుక దీనిని ఇంట పెంచదలచినవారు మొక్కను పెఱికి తేరాదు. పెఱికినది సామాన్యముగా బ్రదుకదు కూడ. కార్తీకము దాటిన పిదప ఎండిన కాయలలోని నల్లని సన్నని విత్తనములు చిటికెడు చాలును; మిగిలినవి అచ్చటనే రాల్చవలెను. బాగుగా కడిగిన గోదావరి ఇసుక, కడిగిన కొబ్బరిపీచు పొడి కలిపి కుండీలో నింపి, విత్తనములు పైన చల్లి, మన్ను కప్పక విడువవలెను. వెలుతురు లేనిదే అవి మొలవవు. కుండీ అడుగున అంగుళము నీరున్న పళ్ళెము, మీద నిండు ఎండ కావలెను. ఆ నీరు వాననీరై యుండవలెను. మన బోరునీటిలోని లవణములు కొలది వారములలో మొక్కను చంపును. ఎరువు విషమే. మాంసము పెట్టి వినోదము చూడ బిడ్డలు ముచ్చటపడుదురు. ఆకు క్రుళ్ళును, పెట్టరాదు. దోమలకు మన యిండ్లలో కఱవు లేదు గదా.

బర్మన్ని కొన్ని నెలలలోనే పూయును. నడుమనుండి సన్నని కాడ జానెడు వఱకు లేచి తెల్లని పూవులను ఒకదాని తరువాత ఒకటిగా విప్పును. ఒక్కొక్క పూవు ఎండ వచ్చిన కొలది గంటలు మాత్రమే తెఱచియుండును. పరాగము మోయు కీటకములు ఆకుల జిగురులో పడకుండుటకే పూవు అంత యెత్తున నిలుచునని కొందఱి ఊహ. ఎవ్వరు రాకున్నను అది తన పరాగముతోడనే కాయ కట్టుకొనును. కాయలు పండిన పిమ్మట మొక్క నల్లబడిపోవును. మంచిర్యాల వేసవి దానికి దుస్సహము. కుండీని పాఱవేయక నీడలో నెండనిచ్చి, తొలకరి చినుకులు పడినంతనే మరల పళ్ళెములో నుంచినచో రాలిన విత్తనములు మొలకెత్తును.