చిత్తూరు సీమలో ఎస్పీ కుర్చీ

చిత్తూరు సీమలో ఒకప్పుడు ఊళ్లో దొంగతనం జరిగితే సొమ్ము వెతికిపెట్టాల్సినవాడు పాళెగాడు. ఊళ్ల నుంచి కావలి రుసుము తీసుకునేవాడు కనుక, దొంగ దొరక్కపోతే పోయిన సొమ్ముకు తానే జవాబుదారీ. 1801లో కర్ణాటక నవాబు చేతుల నుంచి ఈ సీమ ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. కల్లూరు, పులిచెర్ల, మొగరాల వంటి పాళేలు ఎదురు తిరిగాయి. 1804-05లో కంపెనీ సైన్యం వాటిని అణిచేసింది. పాళెగాళ్లతోపాటు వాళ్ల కావలీ పోయింది.

ఆ తర్వాతి ఏర్పాటు అంతకన్నా మేలైనదని నేననుకోను. 1816 నుంచి కలెక్టరే మేజిస్ట్రేటు, తహసీల్దారే పోలీసు పెద్ద, ఊళ్లో వాళ్ల మనిషి తలారి. శిస్తు వసూలు చేసే చేతికే లాఠీ దొరికింది. బాకీపడ్డ రైతును ఎండలో వంగదీసి వీపున రాయి పెట్టేవారు. చేతి వేళ్లను కిట్టి అనే చెక్కల మధ్య పెట్టి బిగించేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలో సాగిన ఈ ఘోరాన్ని 1855లో చిత్రహింసల విచారణ కమిషన్ నివేదిక బయటపెట్టింది.

పోలీసును రెవెన్యూ నుంచి విడదీసిన 1859 నాటి 24వ చట్టం ఆ తర్వాత వచ్చిందే. జిల్లా పోలీసుకు సూపరింటెండెంటు (ఎస్పీ) అనే ప్రత్యేక అధికారి ఏర్పడ్డాడు. అప్పట్లో చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న.

మద్రాసు తొలి పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ విలియం రాబిన్సన్ 1875లో కొన్ని నెలలు తాత్కాలిక గవర్నరుగా కూడా పనిచేశాడు. మనవాడికి అలా పైకెక్కే దారి లేదు. పోలీసు ఉన్నతోద్యోగాలకు 1893 నుంచి లండన్‌లో పోటీ పరీక్ష పెట్టారు, భారతీయులను రానివ్వలేదు. 1902లో వేసిన ఫ్రేజర్ కమిషన్ సిఫారసుతో మనవాళ్లకు డిప్యూటీ సూపరింటెండెంటు అనే మెట్టు దక్కింది. పై తలుపు తెరుచుకున్నది 1920 తర్వాతే.

ఇప్పుడు కానిస్టేబుల్, ఎస్సై, గ్రూప్-1 డీఎస్పీ, ఐపీఎస్ ఇలా నాలుగు చోట్ల నుంచి పోలీసు ఉద్యోగంలోకి రావచ్చు. ఐపీఎస్‌కు ఎంపికైనవారు హైదరాబాదు అకాడమీలో శిక్షణ పొంది ఏఎస్పీగా మొదలై ఎస్పీ, డీఐజీ, ఐజీ, అదనపు డీజీపీ, డీజీపీ మెట్లు ఎక్కుతారు. రాష్ట్ర సర్వీసు డీఎస్పీలకూ ఐపీఎస్‌లో మూడో వంతు దాకా వాటా ఉంది. కానిస్టేబుల్‌గా చేరినవాడు మాత్రం సర్వీసంతా కష్టపడినా ఎస్పీ కుర్చీ అందుకోవడం అరుదు. ఇది నన్ను బాధించే సంగతి.

ఈ సీమలోనే ఉన్న తిరుపతిలో పనిచేసే పోలీసు అధికారికి తిరుమల రద్దీ, శేషాచలం అడవి రెండూ పరీక్షలే. 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ ఉద్యోగులను ఎర్రచందనం దొంగలు చంపేశారు. 2015 ఏప్రిల్ 7న అదే కొండల్లో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. దానిపై జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా ప్రశ్నలు వెళ్లాయి.

2022 ఏప్రిల్ 4న తిరుపతి విడి జిల్లా అయింది. చిత్తూరుకూ తిరుపతికీ ఇప్పుడు ఒక్కో ఎస్పీ ఉన్నారు. ఆ ఇద్దరి బల్లల మీదా 1855 నివేదిక ఉండాలి. తిరుపతి దగ్గర కల్యాణి డ్యాం పోలీసు శిక్షణ కళాశాలలో చేరే ప్రతి కుర్రాడికీ దాన్ని తెలుగులో పాఠంగా చెప్పాలని పోలీసు శాఖను కోరుతున్నాను.