బొమ్మల బండికీ పర్మిట్ కావాలా?

కొండపల్లి: సంక్రాంతి మొదలు శ్రీరామనవమి వరకు తిరునాళ్లు, ఎగ్జిబిషన్లు, నాటక ప్రదర్శనలు వరుసగా సాగుతాయి. హస్తకళల వారికి, రంగస్థల కళాకారులకు ఈ నెలలే పంటకాలం. కొండపల్లి బొమ్మలు, పెడన కలంకారీ వస్త్రాలు హైదరాబాద్‌కు చేరాలన్నా, పౌరాణిక నాటక సమాజాల సీన్లు, కిరీటాలు, హార్మోనియం ఊళ్లకు వెళ్లాలన్నా బండి తప్పదు. ఆ బండికి వర్తించే నిబంధనలపై మాత్రం చాలామందికి అవగాహన కొరవడుతోంది.

'సొంత సరుకే కదా, పర్మిట్ దేనికి?' అన్నది తరచుగా వినిపించే ప్రశ్న. 1939 నాటి చట్టంలో సొంత సరుకు తీసుకెళ్లేవారికి ప్రైవేట్ క్యారియర్ పేరిట వేరు పర్మిట్ ఉండేది. 1988 మోటారు వాహనాల చట్టం ఆ తేడాను తొలగించింది. సరుకు రవాణాకు వినియోగిస్తే తెల్ల నంబరు ప్లేటు కారు కూడా గూడ్సు వాహనంగానే పరిగణనలోకి వస్తుంది. వెనుక సీట్లు తీసేసి బొమ్మల పెట్టెలు పేర్చుకోవడం మరో చిక్కు. అనుమతి లేకుండా వాహనాన్ని మార్చడం సెక్షన్ 52కు విరుద్ధం.

చిన్న వ్యాపారులకు ఊరటనిచ్చే అంశం ఒకటుంది. సరుకుతో కలిపి మొత్తం బరువు (జీవీడబ్ల్యూ) 3,000 కిలోలు మించని గూడ్సు వాహనానికి సెక్షన్ 66 ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. ట్రాలీ ఆటోలు, టాటా ఏస్ వంటివి ఈ పరిధిలోకి వస్తాయి. బొలెరో పికప్‌లలో కొన్ని రకాలు ఈ పరిమితి దాటుతాయి కనుక ఆర్‌సీలో రాసిన అంకెను చూసుకోవాలి. పర్మిట్ అవసరమైన వాహనాన్ని అది లేకుండా నడిపితే 2019 సవరణ ప్రకారం రూ.10 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష విధించవచ్చు.

పర్మిట్ మినహాయింపు ఉన్నంత మాత్రాన పసుపు ప్లేటు, బీమా, ఫిట్‌నెస్ పత్రం వద్దని కాదు. ఎనిమిదేళ్లలోపు వాహనానికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. కారు లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

జగ్గయ్యపేట దాటితే...

2014లో రాష్ట్ర విభజన తర్వాత కొండపల్లి నుంచి హైదరాబాద్ వెళ్లడం అంతర్రాష్ట్ర రవాణా అయింది. సాధారణ సరుకుకు విలువ రూ.50 వేలు మించినప్పుడే ఈ-వే బిల్లు కావాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు పొందిన హస్తకళాకారులు రాష్ట్రం దాటించే చేతివృత్తుల వస్తువులకు మాత్రం విలువతో నిమిత్తం లేకుండా బిల్లు తీసుకోవాలి. పాన్ కార్డు తప్పనిసరి. పది వేల రూపాయల బొమ్మలు పట్టుకెళ్లే వ్యక్తికి ఈ నిబంధన భారమే అయినా రూలు రూలే. రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన, సుమారు 250 కిలోమీటర్ల ఈ దూరానికి బిల్లు గడువు రెండు రోజులు. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు 2017లో తొలగిపోయినా అధికారులు దారిలో ఎక్కడైనా ఆపి అడగవచ్చు.

సీన్ల కట్టలపై ప్రయాణం

నాటక సమాజాల పరిస్థితి ఇంతకంటే ఆందోళనకరం. వ్యాను వెనుక తెరల కట్టలపై పది పదిహేను మంది కళాకారులు కూర్చుని తెల్లవారుజామున ఇళ్లకు తిరిగి రావడం పల్లెల్లో తెలిసిన దృశ్యమే. జరగరానిది జరిగితే ఆ కుటుంబాలకు దిక్కెవరు? 1994 సవరణ తర్వాత సెక్షన్ 147 ప్రకారం గూడ్సు వాహనంలో సరుకు యజమానికి లేదా ఆయన ప్రతినిధికి మాత్రమే బీమా వర్తిస్తుంది. ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా సంస్థ బాధ్యత వహించనవసరం లేదని 2002లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సరుకు యజమాని అయినా క్యాబిన్‌లోనే ప్రయాణించాలని 2007లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కేసుల్లో పేర్కొంది.

ఇక పరిహారం చెల్లించాల్సింది వ్యాను యజమానే. అప్పుచేసి కొన్న బండిపై బతికే ఆ మనిషి లక్షల రూపాయలు ఎక్కడ నుంచి తెస్తాడు? ముందు చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలని కొన్ని కేసుల్లో కోర్టులు బీమా సంస్థలను ఆదేశించాయి గానీ, దానిని నమ్ముకుని వ్యాను ఎక్కలేము.

సామగ్రితో పాటు సమాజం ప్రతినిధి ఒక్కరు క్యాబిన్‌లో కూర్చుని, మిగిలినవారు పర్మిట్ ఉన్న టాక్సీలోనో ఆర్టీసీ బస్సులోనో రావడమే చట్టం ఒప్పుకునే మార్గం. ప్రదర్శన ఒప్పుకునేటప్పుడే ఆ చార్జీలను కాంట్రాక్టులో కలిపి మాట్లాడుకోవాలి. వాహన పత్రాలను డిజిలాకర్‌లో చూపినా తనిఖీలో చెల్లుతాయి.