దూది లెక్కలో దుమ్ము

చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లుల్లో దేన్నైనా వ్యర్థం అనడానికి నోరు రాదు. క్వింటా పత్తి ఆడిస్తే దూది 33–35 కిలోలు, మిగిలిందాంట్లో దాదాపు అంతా గింజే. గింజ నూనెకి, చెక్క గేదెలకి పోతాయి. గింజకంటిన నూగుకీ బేరం ఉంది, సెల్యులోజ్ తయారీకి వాడతారు. స్పిన్నింగ్ మిల్లు తుక్కు ఓపెన్ ఎండ్ యంత్రాల మీద ముతక నూలవుతుంది. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో 'జీరో వేస్ట్' పోస్టర్లు చూసినప్పుడల్లా, ఏ పోస్టరూ లేకుండానే పేటలో ఈ పని ఎప్పట్నుంచో నడుస్తోంది కదా అనుకుంటాను.

గింజకి ఈ మర్యాద మొదట్నుంచీ లేదు. ఎలీ విట్నీ 1794లో జిన్‌కి పేటెంటు తీసుకున్నాక అమెరికా దక్షిణాదిన గింజలు గుట్టలుగా పడి కుళ్లేవి, వాగుల్లో పారబోసేవాళ్లు. నూనె మిల్లులు పెరిగింది అంతర్యుద్ధం తర్వాతే. 1911లో ఆ నూనెనే గడ్డకట్టించి క్రిస్కో పేరుతో వంటింటికి అమ్మారు. గింజకి ధర పుట్టింది, అంతే.

ధర పుట్టనిది దుమ్ము. ఎండుటాకుల పొడి, గుల్ల ముక్కలు, తెగిన పోగులు. పేరు పెట్టింది మాత్రం ఘనుడే: 1877లో ఫ్రెంచి వైద్యుడు ఆడ్రియన్ ప్రూస్ట్ ఈ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుని 'బిసినోసిస్' అన్నాడు. (అవును, మార్సెల్ ప్రూస్ట్ వాళ్ల నాన్నే. కొడుక్కి జీవితాంతం ఉబ్బసం.) సెలవు తర్వాత పనిలోకొచ్చిన మొదటిరోజు ఛాతీ బిగుస్తుంది. 1950ల్లో లాంకషైర్ మిల్లుల్లో రిచర్డ్ షిల్లింగ్ ఆ సోమవారపు బిగువునే ఆధారం చేసుకుని జబ్బుకి గ్రేడులు కట్టాడు.

1978లో అమెరికా ప్రభుత్వం నూలు తయారీలో గాలికి హద్దు పెట్టింది: ఘనపు మీటరుకి 200 మైక్రోగ్రాముల దుమ్ము. ఖర్చుకి తగ్గ ప్రయోజనం ఉందో లేదో ముందు తేల్చండంటూ మిల్లులవాళ్లు సుప్రీంకోర్టుకెక్కారు. ఆచరణ సాధ్యమైతే చాలు, లాభనష్టాల తూకం చట్టం అడగలేదని 1981లో కోర్టు చెప్పింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన వాక్యం అదే. అయితే జిన్నింగ్ ఆ హద్దు కిందకి రాదు. పేటలో ఉన్నవాటిల్లో చాలా భాగం జిన్నులే!

మన దేశంలో 2000లో మొదలైన పత్తి టెక్నాలజీ మిషన్ జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లుల ఆధునికీకరణకి సాయం చేసింది. బేలులో చెత్త తగ్గాలి, దూదికి మంచి రేటు రావాలి అన్నది అందులో పెద్ద ఉద్దేశం. మంచిదే. బేలు శుభ్రంగా లేకపోతే కొనేవాడు నిలదీస్తాడు. కూలీ ఊపిరి గురించి నిలదీసే కొనుగోలుదారు ఎవరు?

చట్టం ఉంది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం షెడ్యూలులోనే బిసినోసిస్ పేరుండేది, గుర్తించిన డాక్టరు అధికారులకి తెలపాల్సి ఉండేది. కానీ జిన్నింగ్ సీజను పని. పత్తి తగ్గాక అదే కూలీ మిరప కల్లంలోకి వెళ్తే అక్కడ ఇంకో ఘాటు, ఇంకో దగ్గు. ఏ సోమవారంతో మొదలైందని డాక్టరు అడగాలి?