కుంచం, వీశె, తులం – మన కొలతల కథ

బరువు ఉండి, చోటు ఆక్రమించేది పదార్థం. మా తాతగారు పల్లెబడిలో చెప్పిన ఈ పాఠమే మా నాన్నగారూ చెప్పారు; అరవై దాటిన మేము అబ్బాసియాలో సాయంత్రపు తెలుగు తరగతిలో ఇంకా చెబుతూనే ఉన్నాము. మొన్న ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, తులమంటే ఎంత?" అన్నాడు. వాళ్ళ అక్క పెళ్ళికి పది తులాల బంగారం పెట్టాలట. ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాము. అందుకే ఈ నాలుగు మాటలు.

పూర్వం మన ఊళ్ళలో చోటును కొలిచేవి వేరు, బరువును తూచేవి వేరు. 4 గిద్దెలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 2 మానికలు ఒక అడ్డ, 2 అడ్డలు ఒక కుంచం. ఇది చోటు లెక్క. ఒకే కుంచంతో కొలిచినా వడ్లకంటె బియ్యం బరువెక్కువ. అంచుకు సమంగా కొలిస్తే ఒకటి, గోపురంగా పోస్తే ఇంకొకటి. పైగా సీమసీమకూ కుంచం మారేది. గింజలు కూలిగా తీసుకునే బీదవానికి ఆ తేడాయే ఒక పూట కూడు.

బెల్లం, చింతపండు తూకానికి వెళ్ళేవి. చెన్నపట్నం లెక్కలో 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. వీశె అంటే సుమారు కిలో 400 గ్రాములు. 1833లో కంపెనీ ప్రభుత్వం తులాన్ని 180 గ్రెయిన్లుగా, అనగా సుమారు 11.66 గ్రాములుగా స్థిరపరచింది. స్వతంత్ర భారతం 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుండి అంచెలంచెలుగా కిలోగ్రామును తెచ్చింది.

కువైట్‌లోనూ అప్పట్లో రూపాయే చెల్లేది; 1961లో దినార్ వచ్చింది. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని ఆవిరిగా మార్చి, చల్లార్చి, మంచినీరు తీయసాగారు. ద్రవం వాయువై తిరిగి ద్రవమయ్యే పాఠాన్ని మన పిల్లలు ఇక్కడ గ్లాసులో తాగుతున్నారన్నమాట! ఆ నీటికి గాలన్ లెక్క, చమురుకు 159 లీటర్ల పీపా లెక్క, బంగారానికి మాత్రం మన నోట తులం.

ఇక్కడే చిక్కు. మాట నిలిచింది, బరువు మారింది. నేడు వాడుకలో తులమంటే 10 గ్రాములే. పాత తులంతో చూస్తే పది తులాలకు 16 గ్రాములు పైచిలుకు తేడా. మేమెరిగిన ఒక తండ్రి 100 గ్రాములు పట్టుకుని వెళ్తే, అవతలి పెద్దలు పాత లెక్క అడిగారు. రాజంపేట, రాయచోటి వైపునుండి వచ్చి, ఎండలో బండి నడిపి కూడబెట్టుకునే వారికి ఆ 16 గ్రాములు ఎన్ని నెలల కష్టమో వేరే చెప్పాలా?

పారిస్ సమీపాన 1889 నుండి భద్రపరచిన లోహపు దిమ్మెను సైతం పక్కనపెట్టి, 2019 మే 20 నుండి కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచించారు. కొలత అంటే పదిమంది ఒప్పుకున్న మాట. కనుక తల్లిదండ్రులకు మా మనవి: కుంచం, వీశె, తులం అనే మాటలను పిల్లలకు తప్పక నేర్పండి, ఇచ్చిపుచ్చుకునే కాగితం మీద మాత్రం గ్రాములు రాయండి.