వలిసెలకు వెర్రి పేరు ఎవరు పెట్టారు?

వానలు వెనక్కి తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో అరకు, పాడేరు కొండవాలులు పసుపు రంగుకు తిరుగుతాయి. మైదానం నుంచి వచ్చినవాళ్లు చేలోకి దిగి ఫొటోలు తీసుకుంటారు. ఆ పూలేమిటంటే కొందరు పొద్దుతిరుగుడు అంటారు, కొందరు అడవిపూలు అంటారు. అవి వలిసెలు. మనం విత్తితే మొలిచిన పంట.

పుస్తకాల్లో దీనికి ఇంకో పేరుంది, వెర్రి నువ్వులు. మొక్క పేరుకు ముందు 'వెర్రి' చేరిందంటే అది అసలుది కాదని, తక్కువదని చెప్పడమే. వెర్రిపుచ్చ అలా వచ్చిన పేరే. కానీ నువ్వులకూ వలిసెలకూ చుట్టరికం లేదు. నువ్వులది వేరే కుటుంబం. వలిసెలు చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానివి. నూనె ఇస్తుంది కాబట్టి నువ్వులతో పోల్చి, మైదానం పంట కాదు కాబట్టి వెర్రిది అన్నారని నా అభిప్రాయం.

పిల్లలకు గుర్తుపట్టడం నేర్పాలంటే ఒక పువ్వు కోసి విప్పి చూపాలి. మనం ఒక పువ్వు అనుకునేది చాలా చిన్న పూల గుత్తి. అంచున రేకుల్లా కనబడేవి సాధారణంగా ఎనిమిది, నడుమ గొట్టాల్లాంటివి పదుల్లో ఉంటాయి. ఆకులు కాడకు అతుక్కుని ఎదురెదురుగా వస్తాయి. గింజ నల్లగా, నున్నగా మెరుస్తుంది. దాని పక్కన గడ్డి చామంతి గింజ పెట్టండి. గడ్డి చామంతికి తలమీద నూగు కుచ్చు ఉంటుంది, గాలికి ఎగురుతుంది. వలిసె గింజకు ఆ కుచ్చు లేదు.

ఎగరలేని గింజ సముద్రం దాటిందంటే మనిషి చేతిలోనే దాటింది. దీని పుట్టిల్లు ఇథియోపియా ఎత్తైన నేలలు. అక్కడి రైతులు దాని అడవి బంధువును సాగులోకి తెచ్చి వలిసెలు చేశారు. తూర్పు ఆఫ్రికాతో ఉన్న పాత వర్తకపు దారుల్లో ఇది మన దేశం చేరిందని పండితులు భావిస్తారు. మన చోడి కూడా ఆ తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల నుంచి వచ్చిందే. ఇథియోపియాలో వలిసెలను 'నూగ్' అంటారు. మనవైపు నువ్వులను నూగులనే వాళ్లున్నారు. అయితే మాటల పోలిక చూసి తొందరపడి చరిత్ర కట్టకూడదు.

1829లో కాసినీ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఈ జాతికి గిజో అనే చరిత్రకారుడి పేరు పెట్టాడు. అందుకే శాస్త్రీయ నామం గిజోటియా అబిస్సినికా. అబిస్సినియా అంటే ఇథియోపియాకు పాత పేరు. దేశం పేరు దక్కింది, చరిత్రకారుడి పేరు దక్కింది, విత్తనం కాపాడిన రైతుకు మాత్రం చోటు దక్కలేదు.

సాగు సంగతి యువకులకు చెప్పాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో మెట్ట నేలలో విత్తుతారు. గింజ సన్నం కనుక ఇసుక కలిపి చల్లాలి, ఎకరానికి రెండు కిలోలు చాలు. పశువులు పచ్చి మొక్కను పెద్దగా ముట్టవు, అందుకే చేను గట్టున కూడా వేస్తారు. ఒక మొక్క పుప్పొడితో అదే మొక్కకు గింజ కట్టదు. తేనెటీగ రావాల్సిందే. పూత మీద పురుగుమందు కొడితే పంటను మనమే చంపుకున్నట్టు. విత్తనానికి ఒక్క మంచి మొక్కనే ఎంచుకోకండి, చేనంతా తిరిగి చాలా మొక్కల నుంచి తీయండి. బంగారు తీగ అల్లుకున్న మొక్కలను తీగ పూయకముందే పీకి కాల్చాలి. దాని గింజ కలిసిన విత్తనం మరుసటి ఏడు చేనంతా పాడుచేస్తుంది.

గింజలో మూడో వంతుకు పైగా నూనె ఉంటుంది. మన దేశం నుంచి ఇది అమెరికాకు పెంపుడు, పెరటి పక్షుల మేతగా పోతుంది. బంగారు తీగ అక్కడ మొలవకుండా ముందే వేడి చేస్తారు. ఆ వేడికి వలిసె మొలక కూడా చస్తుంది. విత్తనం మాత్రం ఇంకా మన ఇళ్లలోనే ఉంది.

ఉపాధ్యాయులకు ఒక పని. కోతల సమయంలో ప్రతి పిల్లవాడూ ఇంటి నుంచి గుప్పెడు వలిసెలు తెచ్చి, తమ భాషలో అవ్వ దాన్ని ఏమంటుందో అడిగి సీసా మీద రాయాలి. కోరాపుట్ వైపు దీన్ని అలసి అంటారు. కువిలో, పొర్జాలో ఉన్న పేర్లు కూడా ఆ సీసాల మీదికి చేరాలి.